ఎడమామే: పచ్చదనం పోకుండా, పచ్చిదనం మిగలకుండా

రాయలసీమలో చలికాలం వస్తే అనపకాయలు, తెలంగాణ పల్లెల్లో పచ్చి కందికాయలు ఉప్పు వేసి ఉడకబెట్టుకుని తింటారు. జపాన్‌లో వేసవి సాయంత్రాల్లో లేత సోయాచిక్కుడు కాయలను అలాగే తింటారు. వాటి పేరు ఎడమామే. జపనీస్ భాషలో 'ఎడ' అంటే కొమ్మ, 'మామే' అంటే గింజ.

ఎడమామే ప్రత్యేకమైన పంట కాదు. నూనె కోసం పండించే సోయాచిక్కుడునే, గింజ నిండినా కాయ ఇంకా పచ్చగా ఉన్న దశలో కోస్తారు. కాయగూరగా వాడేందుకు పెద్ద గింజ, తీపి ఉన్న రకాలను ఎంచుకుంటారు. మన దేశంలో 'స్వర్ణ వసుంధర' అలాంటి రకమే. ఉడికించిన 100 గ్రాముల గింజల్లో సుమారు 12 గ్రాముల ప్రొటీన్ ఉంటుంది.

పచ్చిగా ఎందుకు తినకూడదు?

మనం తిన్న ప్రొటీన్‌ను చిన్న ముక్కలుగా విడగొట్టే ఎంజైముల్లో ట్రిప్సిన్ ఒకటి. సోయా గింజలో ఈ ట్రిప్సిన్‌ను పట్టుకుని పనిచేయనివ్వని పదార్థాలు ఉన్నాయి. వాటిని ట్రిప్సిన్ నిరోధకాలు అంటారు. పచ్చి గింజలు తింటే ప్రొటీన్ సరిగా జీర్ణం కాదు, కడుపులో ఇబ్బంది కలుగుతుంది. ఈ నిరోధకాలు కూడా ప్రొటీన్లే. మరిగే నీటి వేడికి వాటి ఆకృతి చెదిరిపోయి, ట్రిప్సిన్‌ను పట్టుకునే శక్తి చాలావరకు పోతుంది. గింజ నలిగినప్పుడు పచ్చివాసన పుట్టించే లైపాక్సిజనేజ్ అనే ఎంజైమూ వేడికి ఆగిపోతుంది.

ఎక్కువసేపు ఉడికిస్తే?

కాయకు పచ్చరంగునిచ్చే పత్రహరితం అణువు మధ్యలో మెగ్నీషియం ఉంటుంది. ఉడికేకొద్దీ కాయ కణాల నుంచి ఆమ్లాలు బయటికి వస్తాయి. ఆ ఆమ్లం వల్ల మెగ్నీషియం స్థానంలోకి హైడ్రోజన్ చేరుతుంది. అప్పుడు రంగు మెరుపు తగ్గి ముదురు గోధుమ ఛాయకు మారుతుంది. గింజ మెత్తబడిపోతుంది, తీపి కొంత నీళ్లలోకి దిగిపోతుంది. అంటే పచ్చిదనం పోయేంత వేడి కావాలి, పచ్చదనం పోయేంత సమయం మాత్రం ఇవ్వకూడదు. ఎడమామే వండడంలోని కిటుకంతా ఇదే.

వండే పద్ధతి

పావుకిలో తాజా కాయలకు ఒక లీటరు నీరు, 40 గ్రాముల ఉప్పు తీసుకోవాలి. కాయలు కడిగి, అందులో కొంత ఉప్పుతో చేత్తో రుద్దితే పైనున్న నూగు ఊడిపోతుంది. కాయ కొసలు కొద్దిగా కత్తిరిస్తే ఉప్పునీరు లోపలికి చేరుతుంది.

మిగిలిన ఉప్పు వేసిన నీరు తెర్లుతున్నప్పుడే కాయలు వేయాలి. చల్లటి నీటిలో వేసి పొయ్యి మీద పెడితే, నీరు మరిగేలోపే కాయ రంగు మారడం మొదలవుతుంది. మూత పెట్టకూడదు. ఆవిరిగా మారే ఆమ్లాలు బయటికి పోతే రంగు నిలుస్తుంది. ఐదు నిమిషాల తర్వాత ఒక గింజ నమిలి చూడాలి. పచ్చివాసన లేకుండా, మెత్తబడినా కాస్త బిగువుగా ఉంటే వండడం పూర్తయినట్టే. పచ్చివాసన ఉంటే మరో నిమిషం ఉంచాలి.

వెంటనే నీరు వంపేసి, కాయలను వెడల్పాటి పళ్లెంలో పరిచి విసరాలి. కుప్పగా వదిలేస్తే లోపలి వేడికే ఉడుకుతూ రంగు పోతుంది. గింజలు ఒలుచుకుని తినాలి. తొక్క పీచుగా ఉంటుంది కాబట్టి పారేయాలి.

ఉప్పులో ఎక్కువ భాగం నీటిలోనూ తొక్కలోనూ మిగిలిపోతుంది. అయినా రక్తపోటు ఉన్నవారు ఉప్పు తగ్గించుకోవచ్చు. నిరోధకాల పని పట్టేది వేడే కాబట్టి భద్రతకు లోటు రాదు. రంగు కోసం వంటసోడా వేయడం మంచిది కాదు. అది రంగును కాపాడుతుంది కానీ బి1, సి విటమిన్లను నాశనం చేస్తుంది.

గుర్తుంచుకోవలసినవి

కోసిన తర్వాత కూడా కాయ శ్వాసిస్తూ తనలోని చక్కెరను ఖర్చు చేస్తుంది. అందుకే తెచ్చిన రోజే వండాలి, కుదరకపోతే ఫ్రిజ్‌లో పెట్టాలి. గడ్డకట్టించి అమ్మే కాయలను చాలావరకు ముందే కొద్దిగా ఉడికించి ఉంటారు. వాటికి ప్యాకెట్ మీద రాసిన సమయాన్ని పాటించాలి.

ఈ ఐదు నిమిషాల లెక్క లేత కాయలకే. ఎండిన సోయా గింజలను రాత్రంతా నానబెట్టి, ప్రెషర్ కుక్కర్‌లో బాగా ఉడికించాలి. సోయా అలర్జీ ఉన్నవారు మాత్రం ఉడికించినవైనా తినకూడదు. అలర్జీ కలిగించే ప్రొటీన్లలో కొన్ని మరిగే నీటికి లొంగవు.