తెనాలికా, గచ్చిబౌలికా?



నాన్నా, వచ్చే వేసవికి డల్లాస్‌లో ఇల్లు అమ్మేసి అందరూ వచ్చేస్తామని రాశావు. మీ అమ్మ ఆ కబురు వీధంతా చెప్పుకుంది. నాకూ సంతోషమే. కానీ ఎక్కడ చూసినా "అమ్మానాన్నల కోసం" అనే రాశావు. ముందు ఆ మాట తేల్చుకుందాం.

నీ కంపెనీ బదిలీ ఇస్తానంటున్నది మా హైదరాబాద్‌లోని గచ్చిబౌలి ఆఫీసుకు. అమ్మానాన్నలుండేది తెనాలిలో. మధ్యన ఐదారు గంటల ప్రయాణం. మీ నాన్న ఆ పెరడునీ, సాయంత్రం అరుగు మీద చేరే స్నేహితుల్నీ వదిలి పద్దెనిమిదో అంతస్తు ఫ్లాటుకు రారు. బలవంతాన తెచ్చినా వారం తిరక్కుండా రైలు టికెట్టు అడుగుతారు. మరి నెలలో ఎన్ని ఆదివారాలు అక్కడికి వెళ్లగలవు? అర్ధరాత్రి ఆయనకు ఆయాసం వస్తే విజయవాడ ఆసుపత్రికి ఎవరు తీసుకెళ్తారు? డిసెంబరు సెలవుల్లో వచ్చి, వాళ్ల ఎదురుగా కూర్చుని మాట్లాడు. రేపు ఇక్కడి ట్రాఫిక్కూ ఆఫీసూ విసుగెత్తించిన రోజున "మీ కోసమే కదా వచ్చాం" అని నీ నోట వచ్చిందంటే ఆ ఇద్దరూ తట్టుకోలేరు. మీ నలుగురి బతుకు ఇక్కడ బాగుంటుందని నీకు అనిపిస్తేనే రా.

కోడలి సంగతి "తనకూ ఇష్టమే" అని రెండు ముక్కల్లో తేల్చేశావు. నీకిది పుట్టినిల్లు, ఆమెకు అత్తిల్లు. అక్కడ ఇన్నేళ్లూ తన కారు తానే నడుపుకుంది, తన ఉద్యోగం తాను చేసుకుంది, పండక్కి ఏం వండాలో తానే అనుకుంది. ఇక్కడ దిగిన నెలకే ఫలానా పేరంటానికి ఎందుకు రాలేదని ఆమెను అడిగేవాళ్లు బయల్దేరతారు. నిన్నెవరూ అడగరు. మా అపార్ట్‌మెంట్లలో ఇలా తిరిగొచ్చినవాళ్లను చూస్తూనే ఉన్నాను. మగవాళ్లు వచ్చిన సోమవారమే ఆఫీసుకు వెళ్లిపోతారు. గ్యాస్ కనెక్షను, బడిలో అడ్మిషను, అత్తగారి మందులు ఆడపిల్ల మీద పడతాయి. తన ఉద్యోగం సంగతి కాస్త కుదురుకున్నాక చూద్దామనుకుంటుంది. ఆ కుదురు ఎప్పటికీ రాదు. అందుకే ఆమె చేతికి ఇక్కడి ఆఫర్ లెటర్ వచ్చాకే టికెట్లు కొనండి. ఈ ఒక్కటీ నా మాట విను.

పిల్లల విషయానికొస్తే, పెద్దది ఆరో తరగతి పూర్తిచేసి వస్తుంది కాబట్టి ఆలస్యమేమీ కాలేదు. ఎనిమిదీ తొమ్మిదిలో తెచ్చినవాళ్లే ఎక్కువ అవస్థ పడ్డారు. తెలంగాణలో 2018 చట్టం ప్రకారం ఏ బోర్డు బడి అయినా పదో తరగతి దాకా తెలుగు చెప్పాలి. మన పిల్ల తెలుగు చక్కగా మాట్లాడుతుంది గానీ ఒత్తులు చదవలేదు. బళ్లో తెలుగు చెప్పి రిటైరైనదాన్ని, నేనుండగా మీకు ట్యూషనెందుకు? ఇప్పట్నించే రోజూ అరగంట వీడియో కాల్‌లో చెబుతాను. మీరు చూడాల్సింది ఇంకొకటుంది. చుట్టాలెవరూ దాని యాసను అనుకరించి నవ్వకూడదు. ఒకసారి నవ్వితే ఆ వయసు పిల్ల తెలుగులో మళ్లీ నోరు విప్పదు.

చదువుల్లో చాలామందికి తెలియని ఇంకో చిక్కుంది. 2021 మార్చి 4 నాటి కేంద్రం నోటిఫికేషన్ ప్రకారం ఓసీఐ (విదేశీ పౌరసత్వం ఉన్న భారత సంతతివారి) కార్డున్న పిల్లలు నీట్, జేఈఈ రాసినా ఎన్నారై సీట్లకో అదనంగా కేటాయించే సూపర్‌న్యూమరరీ సీట్లకో మాత్రమే అర్హులు. అంతకుముందే కార్డున్నవాళ్లకు పాత హక్కు పోదని 2023లో సుప్రీంకోర్టు చెప్పింది. పెద్దదానికి పసితనంలోనే కార్డు తీసుకున్నారు గనుక ఫరవాలేదు, ఆ కాగితం జాగ్రత్త. చిన్నవాడు పుట్టిందే ఆ తేదీ తర్వాత. ఒకే కడుపున పుట్టినా అక్కకున్న దారి తమ్ముడికి లేదు. పక్కింటివాళ్లను చూసి రేపు వాణ్ణి ఆరో తరగతిలోనే ఐఐటీ ఫౌండేషన్‌లో పడేయకండి. పెద్దదాన్నయినా మొదటి రెండేళ్లు ఆ కోచింగ్ జోలికి పోనివ్వకండి.

డబ్బు లెక్కలు నువ్వు నాకంటే బాగా చూసుకుంటావు. ఒక్కమాట చెబుతాను. ఇన్నేళ్లు బయటున్నవాడికి తిరిగొచ్చాక సాధారణంగా రెండు, దిగిన తేదీని బట్టి ఒక్కోసారి మూడు ఆర్థిక సంవత్సరాలు ఆర్‌ఎన్‌ఓఆర్ (నివాసే అయినా సాధారణ నివాసి కాని) హోదా ఉంటుంది. అప్పటిదాకా అక్కడి వడ్డీల మీద, షేర్ల లాభాల మీద ఇక్కడ పన్ను పడదు. అమ్మాల్సినవి ఆ లోపల అమ్ముకో, అక్కడి పన్ను సంగతి వేరే చూసుకో. అక్కడి రిటైర్మెంట్ పొదుపు 401కే మాత్రం కదపకు. యాభై తొమ్మిదిన్నర నిండకుండా తీస్తే సాధారణంగా పన్ను కాక పది శాతం జరిమానా. వచ్చిన వెంటనే ఎన్‌ఆర్‌ఈ ఖాతాను రెసిడెంట్ ఖాతాగా మార్పించుకోవాలి. డాలర్లు డాలర్లుగానే ఉంచుకోవాలంటే ఆర్‌ఎఫ్‌సీ (విదేశీ కరెన్సీ) ఖాతా అడుగు.

బళ్లు నేను చూసి పెడతాను. సీబీఎస్ఈ వాటిలో చాలావరకు ఏప్రిల్‌లోనే కొత్త తరగతి మొదలవుతుంది, మీకక్కడ మే చివరిదాకా బడి. కాబట్టి సంక్రాంతి లోపే సీటు మాట్లాడుకోవాలి. ఈ ఆదివారం కోడల్ని నాకు విడిగా ఫోన్ చెయ్యమను. నువ్వు పక్కన ఉండొద్దు.

ఇట్లు
మీ పెద్దమ్మ