రెండేళ్ల ఫిల్లీని నొప్పితో పందేనికి దించవచ్చా?

ప్రశ్న: హైదరాబాద్ మలక్‌పేటలో చిన్న ట్రైనర్‌ని. రెండేళ్ల ఫిల్లీకి (ఆడ గుర్రప్పిల్లకు) ముంగాళ్లలో మోకాలి కింది ఎముకను ముట్టుకుంటే నొప్పి. మేత, సైసుల జీతాల ఖర్చు పెరిగింది. యజమాని పందేనికి దించమంటున్నారు. నొప్పి మందిచ్చి దించవచ్చా?

జవాబు: దించకండి. ఇవి షిన్ సోర్ లక్షణాలు. ఎదిగే ఎముక వేగానికి అలవాటుపడే దశలో ఇది వస్తుంది. మన దేశంలో రేసు గుర్రాలన్నిటికీ జనవరి 1న ఏడాది వయసు పెరిగినట్టు లెక్క. ఏడాదిలో ఆలస్యంగా పుట్టిన పిల్ల కాగితం మీద రెండేళ్లదైనా ఒంట్లో ఇంకా లేతదే. ఫినైల్‌బ్యూటజోన్ వంటి మందు నొప్పిని కప్పిపెడుతుంది గానీ ఎముకను బాగుచేయదు. ఎముకలో సన్నని పగులుంటే పరుగులో అది విరగొచ్చు, అప్పుడు జాకీ ప్రాణానికీ ప్రమాదం. ఆ మందు డోప్ పరీక్షలో బయటపడితే మీ లైసెన్సుకే ముప్పు.

వెటర్నరీ డాక్టర్‌తో ఎక్స్‌రే తీయించండి. గ్యాలప్ ఆపి నడిపించండి. డాక్టర్ సరేనన్నాక, రోజూ దూరం పరిగెత్తించే బదులు, అప్పుడప్పుడు కొద్ది దూరం వేగంగా పరిగెత్తిస్తూ క్రమంగా పెంచండి. ఎముక పందెం వేగానికి తగ్గట్టు గట్టిపడేది అలాగే. దాణా ఒక్కటే కాకుండా గడ్డి రోజంతా అందేలా చూడండి. ఖాళీ కడుపుతో ఉంటే రేసు గుర్రాలకు కడుపులో పుళ్లు పడతాయి.

ఎక్స్‌రే చూపించి యజమానితో మాట్లాడండి. విశ్రాంతి ఖర్చు కొన్ని వారాలదే, విరిగిన కాలు చాలాసార్లు అతకదు. వద్దని గట్టిగా చెప్పడం ట్రైనర్‌గా మీ బాధ్యత. ఆ మూగజీవి తరఫున మాట్లాడగలిగింది మీరే.