తలుపు తెరిచిన చట్టం – ఒక బాలుర పాఠశాల చరిత్ర

మన హాస్టల్‌కు కొత్తగా వచ్చిన తమ్ముళ్లు మొదటి వారం రాత్రిపూట దుప్పటి ముసుగేసుకుని ఏడవడం మనకందరికీ తెలిసిందే. మనమూ ట్రంకుపెట్టె పక్కన కూర్చుని అలా ఏడ్చినవాళ్లమే. ఈ వార్షికోత్సవ సంచికకు ఒక పాఠశాల చరిత్ర రాయాలనుకున్నప్పుడు, మనలాగే ఇల్లు విడిచి వచ్చి చదువుకున్న పిల్లల బడి గురించి రాద్దామనుకున్నాం. అలా మాకు దొరికింది ఉత్తర ఐర్లాండ్‌లోని డెర్రీ పట్టణంలో ఉన్న సెయింట్ కోలంబ్స్ కాలేజ్. పేరులో కాలేజ్ అని ఉన్నా, అది 11 నుంచి 18 ఏళ్ల వరకు మగపిల్లలు చదివే కేథలిక్ ఉన్నత పాఠశాల.

ఈ ఒక్క బడిలో చదివినవారిలో ఇద్దరికి నోబెల్ బహుమతి వచ్చింది. సీమస్ హీనీకి 1995లో సాహిత్యానికి, జాన్ హ్యూమ్‌కు 1998లో శాంతికి. ఇద్దరూ పేద, సామాన్య కుటుంబాల పిల్లలే. ఇద్దరూ కొన్నేళ్లు ఒకే కాలంలో ఆ బడిలో ఉన్నారు. ఇది అదృష్టమా, తెలివితేటలా అని అడిగితే, రెండూ ఉన్నాయి గానీ, వాటికంటే ముందు ఒక చట్టం ఉంది. ఆ సంగతి చెప్పడానికే ఈ వ్యాసం.

బడి పుట్టుక

ఐర్లాండ్‌లో ఎక్కువమంది కేథలిక్కులు. పాలించిన ఇంగ్లండ్ ప్రభుత్వం ప్రొటెస్టంట్లది. 1695లో వచ్చిన ఒక చట్టం కేథలిక్కులు బడి నడపడాన్ని నిషేధించింది. అప్పుడు వాళ్లు కంచెల చాటున, పశువుల కొట్టాల్లో రహస్యంగా పిల్లలకు చదువు చెప్పుకున్నారు. వాటికి కంచె బడులని పేరు వచ్చింది. అధికారుల కంట పడకుండా చదవవలసిన రోజులవి. మన ముత్తాతలను బడి గడప తొక్కనివ్వని రోజులు మన ఇళ్లలో ఇంకా చెప్పుకుంటూనే ఉన్నాం కాబట్టి ఈ కథ మనకు కొత్త కాదు. 1782లో ఆ నిషేధం సడలింది.

సెయింట్ కోలంబ్స్ 1879లో డెర్రీ కోటగోడల బయట, బిషప్ స్ట్రీట్‌లో మొదలయింది. ఆరవ శతాబ్దంలో డెర్రీలో మఠం స్థాపించాడని చెప్పే కోలంబా అనే సన్యాసి పేరు దానికి పెట్టారు. మతగురువులు కావలసిన పిల్లలను తయారుచేయడం, కేథలిక్ బాలురకు పై చదువు అందించడం దాని ఉద్దేశం. కానీ మొదటి డెబ్భై ఏళ్లు ఫీజు కట్టగలిగినవారికి, కొద్దిపాటి స్కాలర్‌షిప్పులు దక్కినవారికే ఆ తలుపు తెరుచుకునేది.

1947 చట్టం

1921లో ఐర్లాండ్ రెండు ముక్కలయింది. ఉత్తరాన ఉన్న ఆరు జిల్లాలు బ్రిటన్‌లోనే ఉండిపోయాయి. ఆ ఉత్తర ఐర్లాండ్‌లో కేథలిక్కులు అల్పసంఖ్యాకులు. డెర్రీ పట్టణంలో మాత్రం వాళ్లే ఎక్కువ. అయినా పట్టణ కార్పొరేషన్ వాళ్ల చేతికి రాలేదు. వార్డులను గీసిన తీరే అందుకు కారణం. కేథలిక్కులలో ఎక్కువమందిని ఒక్క వార్డులో కుక్కి 8 స్థానాలిచ్చారు. మిగిలిన రెండు వార్డులకు 12 స్థానాలు. పైగా స్థానిక ఎన్నికల్లో ఇంటి పన్ను కట్టే కుటుంబ యజమానికి, ఆయన భార్యకే ఓటు. ఒకే ఇంట్లో అద్దె గదుల్లో తలదాచుకునే పేదలకు ఓటు లేదు. ఇల్లు కేటాయిస్తే ఓటు కూడా ఇచ్చినట్టే. అందుకే కేథలిక్కులకు ఇళ్లు కేటాయించడానికి కార్పొరేషన్ వెనకాడేది.

ఇలాంటి చోటికి 1947 విద్యా చట్టం వచ్చింది. బ్రిటన్‌లో 1944లో వచ్చిన చట్టాన్ని అనుసరించి చేసినది ఇది. దీని ప్రకారం 11 ఏళ్ల వయసులో ఒక అర్హత పరీక్ష రాసి గెలిచిన పిల్లలు, తల్లిదండ్రుల ఆదాయం ఎంతయినా, గ్రామర్ స్కూల్ అనే పై బడిలో ఫీజు లేకుండా చదవవచ్చు. చర్చి నడిపే బడులకు భవనాల ఖర్చులో 65 శాతం ప్రభుత్వం ఇచ్చేది. తక్కినది జనం చందాలు వేసుకోవాలి.

ఈ చట్టం అందరికీ నచ్చలేదు. బడి మీద తమ పట్టు పోతుందని కేథలిక్ బిషప్పులు అనుమానించారు. కేథలిక్కులకు ఎక్కువ ఇస్తున్నారని ప్రభుత్వ పక్షం వాళ్లే మండిపడ్డారు. చట్టం తెచ్చిన మంత్రి హాల్ థాంప్సన్ 1949లో పదవి వదులుకోవలసి వచ్చింది. అంటే పేదవాడి చదువుకు తలుపు తెరవడం ఎక్కడైనా అంత సులువుగా జరిగే పని కాదు.

బడి లోపలి జీవితం

జాన్ హ్యూమ్ 1937లో డెర్రీలో పుట్టాడు. ఏడుగురు పిల్లల్లో పెద్దవాడు. తండ్రికి పని లేదు. డెర్రీ చొక్కాల ఫ్యాక్టరీలకు పేరున్న ఊరు. వాటిలో పని ఎక్కువగా ఆడవాళ్లకే దొరికేది. హ్యూమ్ తల్లి కూడా ఇంటికి చొక్కాల పని తెచ్చుకుని కుట్టేది. కొత్త పరీక్ష రాసి సీటు తెచ్చుకున్న మొదటి పిల్లల్లో హ్యూమ్ ఒకడు. రోజూ ఇంటి నుంచే బడికి వెళ్లేవాడు.

సీమస్ హీనీ పల్లెటూరి రైతుబిడ్డ. తొమ్మిది మంది పిల్లల్లో పెద్దవాడు. తండ్రి వ్యవసాయంతో పాటు పశువుల బేరం చేసేవాడు. 1951లో 12 ఏళ్ల వయసులో స్కాలర్‌షిప్ మీద, ఇంటికి 65 కిలోమీటర్ల దూరంలోని ఈ బడి హాస్టల్‌లో చేరాడు. 1957 వరకు అక్కడే ఉన్నాడు. 1953లో, అతను బడిలో ఉండగానే, నాలుగేళ్ల తమ్ముడు క్రిస్టఫర్ రోడ్డు ప్రమాదంలో చనిపోయాడు. ఆ కబురు అందుకుని ఇంటికి వెళ్లిన రోజు గురించి హీనీ పెద్దయ్యాక ‘మిడ్ టర్మ్ బ్రేక్’ అనే కవిత రాశాడు. ఇంటి నుంచి ఎవరైనా వేళ కాని వేళ హాస్టల్‌కు వస్తే మన గుండె ఎందుకు దడదడలాడుతుందో, ఆ కవిత చదివితే తెలుస్తుంది.

చదువులో లాటిన్, ఇంగ్లీషు, ఐరిష్ భాషలకు పెద్దపీట. మాస్టర్లలో చాలామంది మతగురువులు. హీనీ లాటిన్ మాస్టారు గురించిన ఒక ముచ్చట మాకు బాగా నచ్చింది. పరీక్షకు వర్జిల్ రాసిన మహాకావ్యం ‘ఈనీడ్’లో 9వ భాగం పెట్టారు. అది 6వ భాగమైతే ఎంత బాగుండేదని ఆ మాస్టారు పదే పదే అనేవారట. ఆ మాట శిష్యుడి మనసులో అర్ధ శతాబ్దం పైగా ఉండిపోయింది. హీనీ ఆ 6వ భాగాన్నే ఇంగ్లీషులోకి అనువదించాడు. ఆయన 2013లో మరణించాక, 2016లో అది అచ్చయింది. సిలబస్‌లో లేని మాట ఒక్కోసారి సిలబస్ కంటే ఎక్కువ కాలం నిలుస్తుంది.

అన్నీ మంచి జ్ఞాపకాలే కాదు. ఆనాటి చాలా బడుల్లోలాగే అక్కడా తోలు పట్టీతో కొట్టేవారు. ఆ భయం గురించి పూర్వ విద్యార్థులు తరువాతి కాలంలో బహిరంగంగానే చెప్పారు. దెబ్బలు తిన్నందువల్లే వాళ్లు గొప్పవాళ్లయ్యారని ఎవరైనా అంటే మేము ఒప్పుకోం. ఉత్తర ఐర్లాండ్‌లో ప్రభుత్వ సాయం పొందే బడుల్లో కొట్టడాన్ని 1987లో నిషేధించారు. మన దేశంలో 2009 విద్యా హక్కు చట్టం కూడా దాన్ని నిషేధించింది.

చదువుకుని ఏం చేశారు?

హ్యూమ్ మాస్టారయ్యాడు. తాను చదివిన బడిలోనే పాఠాలు చెప్పాడు. 1960లో కొందరు మిత్రులతో కలిసి డెర్రీలో క్రెడిట్ యూనియన్ పెట్టాడు. బ్యాంకు గడప ఎక్కలేని పేదలు తమ డబ్బు తామే దాచుకుని, తామే తక్కువ వడ్డీకి అప్పు తీసుకునే సంస్థ అది. మన అమ్మల పొదుపు సంఘం లాంటిది. 1965లో విశ్వవిద్యాలయం డెర్రీకి రావాలని జరిగిన ఉద్యమానికి నాయకత్వం వహించాడు. ప్రభుత్వం దాన్ని చిన్న ఊరైన కోల్‌రేన్‌కు ఇచ్చింది. ఆ అన్యాయం డెర్రీ జనం మరిచిపోలేదు.

1968 అక్టోబరు 5న ఇళ్ల కోసం, ‘ఒక మనిషికి ఒక ఓటు’ కోసం డెర్రీలో ఊరేగింపు జరిగింది. దాన్ని నడిపినవారిలో ఇదే బడిలో చదివిన ఈమన్ మెక్‌కాన్ ఒకడు. హ్యూమ్ కూడా నడిచాడు. పోలీసులు లాఠీలతో విరుచుకుపడ్డారు. ఆ దృశ్యాలు టీవీలో లోకమంతా చూసింది. నవంబరులో ఆ కార్పొరేషన్‌ను తొలగిస్తున్నట్టు ప్రభుత్వం ప్రకటించవలసి వచ్చింది.

తరువాత వచ్చిన ముప్పై ఏళ్లు నెత్తుటి ఏళ్లు. 1972 జనవరి 30న డెర్రీలో సైనికులు కాల్పులు జరిపి 13 మందిని చంపారు. ఆ రోజు తెల్ల చేతిరుమాలు ఊపుతూ గాయపడిన కుర్రాడికి దారి చూపిన ఫాదర్ ఎడ్వర్డ్ డేలీ కూడా ఈ బడి హాస్టల్ పూర్వ విద్యార్థే. హ్యూమ్ మాత్రం తుపాకీ దారి వద్దని చివరిదాకా చెప్పాడు. జెండా కడుపు నింపదని తండ్రి చెప్పిన మాటను తరచూ గుర్తు చేసేవాడు. 1998 ఏప్రిల్ 10న కుదిరిన శాంతి ఒప్పందం వెనుక ఆయన కృషి ఎంతో ఉంది. భారత ప్రభుత్వం ఆయనకు 2001 గాంధీ శాంతి బహుమతి ఇచ్చింది. 2020లో ఆయన మరణించాడు.

ఈ బడిలోనే చదివిన నాటక రచయిత బ్రయన్ ఫ్రీల్ 1833 నాటి ఒక కంచె బడి మీద ‘ట్రాన్స్‌లేషన్స్’ అనే నాటకం రాశాడు. 1980లో దాని మొదటి ప్రదర్శన డెర్రీ గిల్డ్‌హాల్‌లో జరిగింది. ఒకప్పుడు కార్పొరేషన్ కొలువు తీరిన భవనం అది. ఎవరికి తలుపు మూశారో వాళ్ల కథ ఆ భవనంలోనే ఆడింది.

తలుపు బయట మిగిలినవారు

ఇక్కడ ఒక్క మాట దాచకూడదు. ఆ పరీక్షలో గెలిచిన పిల్లలకంటే ఓడిపోయిన పిల్లలే ఎక్కువ. పదకొండేళ్లకే ‘నువ్వు పనికిరావు’ అనిపించుకుని చాలామంది జీవితాంతం ఆ బాధ మోశారు. 2008లో ప్రభుత్వం ఆ పరీక్షను ఆపేసింది. కానీ గ్రామర్ స్కూళ్లు వేరే పరీక్షలు పెట్టుకున్నాయి. చట్టం తలుపు తెరిచింది నిజమే, కానీ సగమే తెరిచింది.

అయితే ఆ సగం తలుపులోంచి లోపలికి వెళ్లిన కొందరు, తమ సీటు తమకు దక్కింది చాలని ఊరుకోలేదు. చదువు లేని వాళ్లకు ఇల్లు, ఓటు, అప్పు, పని దొరకాలని బయటికి వచ్చి అడిగారు. ఆ బడి గొప్పతనం బహుమతుల్లో కంటే ఇందులోనే ఎక్కువ ఉందని మాకు అనిపించింది.

1973లో పాఠశాల బంక్రానా రోడ్డులో కొత్త ప్రాంగణం ఏర్పాటు చేసుకుంది. ఇప్పటికీ అక్కడ మగపిల్లలు చదువుతున్నారు. బిషప్ స్ట్రీట్ పాత భవనాల్లో 1997 నుంచి మరో బడి నడుస్తోంది.

మనం నేర్చుకోవలసింది

మనం తినే అన్నం, పడుకునే చోటు, చదివే పుస్తకం ఎవరో దయతలచి ఇచ్చినవి కావు. బలహీన వర్గాల, ముఖ్యంగా షెడ్యూల్డ్ కులాల, తెగల విద్యను ప్రత్యేక శ్రద్ధతో పెంపొందించాలని రాజ్యాంగం 46వ అధికరణంలో రాసి ఉంది. కాబట్టి సిగ్గుపడకుండా తిందాం, తలెత్తుకుని చదువుదాం. అలాగే మన ఊళ్లో మనతోపాటు ఐదో తరగతి చదివి, సీటు రాక పనికి వెళ్లిపోయిన స్నేహితుణ్ణి మరిచిపోవద్దు. సెలవులకు వెళ్లినప్పుడు అతని ఇంటికి వెళ్దాం. మళ్లీ బడిలో చేరే దారి ఉందేమో అడిగి తెలుసుకుని చెబుదాం.

ఆలోచించండి

1. ఓటుకూ ఇంటికీ డెర్రీలో ఉన్న సంబంధం ఏమిటి?
2. 1947 చట్టం వల్ల జరిగిన మేలు ఏమిటి? లోపం ఏమిటి?
3. మీ ఇంట్లో మొదట బడికి వెళ్లినవారు ఎవరు? వారికి ఎదురైన అడ్డంకులను అడిగి రాసుకురండి. వచ్చే ఆదివారం స్టడీ అవర్‌లో అందరం చదువుకుందాం.