మా ఇంటి పాడి – పంట లెక్క

సాంఘికశాస్త్రం సారు "సెలవుల్లో ఒక రైతు కుటుంబాన్ని పరిశీలించి గోడపత్రికకు రాయండి" అని చెప్పినారు. వేరేవాళ్ళ ఇంటికి పోయి "మీకు అప్పు ఎంత, మీ ఆవు ఎన్ని లీటర్లు ఇస్తుంది" అని అడిగితే ఎవరు చెప్తారు? అందుకని మా ఇంటినే పరిశీలించితిని. 2025 వేసవి సెలవుల్లో 41 రోజులు నోటుబుక్కులో లెక్క రాసినాను. మాది కలికిరి దగ్గర తండా. మేము అమ్మను యాడి అనీ, నాన్నను బా అనీ అంటాము. అందరికీ తెలియడం కోసం ఇక్కడ అమ్మ, నాయన అనే రాస్తున్నాను.

ముందుగా కొంచెం చరిత్ర. మా సుగాలీల పూర్వీకులు సేద్యగాళ్ళు కారు. వందల ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం వేసుకుని దక్కను అంతా తిరిగి అమ్మేవారు. రోడ్లు, రైళ్ళు వచ్చినాక ఎద్దుల మీద సరుకు వేసేవాడు లేడు. తిరగడం నిలిచిపోయి, దొరికిన చోట తండాలు కట్టుకున్నారు. తండాల్లో ఇంటింటా పశువులు ఉండడానికి అదీ ఒక కారణం అని నా అభిప్రాయం.

భూగోళం పుస్తకంలో అమెరికా ప్రెయిరీ మైదానాల గురించి చదివినాము కదా. అక్కడ ఒక కుటుంబానికి వందల పశువులు, కనుచూపు మేర కంచె వేసిన బీడు ఉంటాయి. దాన్ని రాంచ్ అంటారు. మా రాంచ్‌లో ఉన్నవి ఒక జెర్సీ సంకరజాతి ఆవు, ఒక పెయ్య, ఏడు మేకలు. కంచె లేదు. కంచె బదులు మా చెల్లెలు ఉండేది.

భూమి రెండెకరాలు, డి.కె.టి. పట్టా. ఎర్రనేల, కిందంతా గుండు రాయి. 2018లో బోరు వేస్తే 600 అడుగుల వరకు దుమ్మే లేచింది. ఆ డబ్బు కోసం కాడెద్దులను అమ్మినారు, మిగతాది నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చినారు. వడ్డీ ఇంకా కడుతున్నారు, కాబట్టి ఆ బోరు నుంచి వస్తున్నది వడ్డీ ఒక్కటే. 2025 ఆగస్టులో కృష్ణా నీళ్ళు హంద్రీ-నీవా కాలువలో కుప్పం దాకా వచ్చినాయి. అది పెద్ద సంగతే. కానీ మా భూమి మిట్ట మీద ఉంది, మాకు నీళ్ళంటే వానే.

వాన నీళ్ళకు పండేది చెనిక్కాయ. దీని పూత భూమిపైన పూస్తుంది, కాయ మాత్రం భూమిలోపల కాస్తుంది. పూత రాలినాక ఊడ కిందికి దిగి మట్టిలో దూరాలి. ఆ సమయానికి నేల మెత్తగా ఉండాలి. సరిగ్గా ఆ పదిహేను రోజులు వాన రాకపోతే మొక్క పచ్చగానే ఉంటుంది, పెరికి చూస్తే తాలు కాయలు. 2024లో మాకు అదే జరిగింది. అయినా నాయన "కట్టె వచ్చింది లే" అన్నాడు. చెనిక్కట్టె పశువుకు బలమైన మేత. పంట పోయినా మేత మిగులుతుందనే మా వైపు ఇన్నేళ్ళు చెనిక్కాయను వదలలేదు. పైగా దీని వేళ్ళ బుడిపెలలోని సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని పట్టి నేలకు ఇస్తాయి (జీవశాస్త్రం సారు చెప్పినది ఇదే).

టమాటా గురించి రాయకుంటే మదనపల్లె వాళ్ళు ఊరుకోరు. మదనపల్లె సుమారు 700 మీటర్ల ఎత్తులో ఉంది. చల్లదనం వలన వేరే చోట్ల టమాటా రాని ఎండాకాలంలో కూడా ఇక్కడ పండుతుంది. 2023 జులై చివర మదనపల్లె మార్కెట్‌లో కిలో 200 రూపాయల దగ్గరికి పోయింది. సెప్టెంబరుకల్లా ధర కూలింది. ఆ జులై ధర విని నాయన పక్క చేను వాళ్ళ బోరు నీళ్ళు అడిగి అరెకరా నాటినాడు. మనలాంటి వాళ్ళు అందరూ అదే విని నాటినారు. నాటిన రెండు నెలలకు గానీ కాయ రాదు, అప్పటికి అందరి కాయా ఒకేసారి మండీకి వచ్చింది. మూడోసారి కోతకు వచ్చినప్పుడు కూలి, ఆటో బాడుగ, కమీషను కలిపితే బాక్సు ధరకన్నా ఎక్కువైంది. కోయకుండా ఆవును తోలినాము. ఆవు మూతి ఎర్రగా చేసుకుని తిన్నది. చెల్లెలు నవ్వింది, నాయన నవ్వలేదు.

ఇప్పుడు అసలు లెక్క. మా ఆవు రోజుకు 8 లీటర్లు ఇచ్చేది. ఇంటికి అర లీటరు పోను ఏడున్నర లీటర్లు పాలకేంద్రానికి. వెన్నశాతం చూసి వేసిన ధర సగటున 32 రూపాయలు. రోజుకు 240. దాణా 4 కిలోలు, కిలో 26 చొప్పున 104. కొన్న ఎండుగడ్డి 40. మందులు, ఖనిజ లవణాలు 10. మొత్తం ఖర్చు 154. మిగులు 86 రూపాయలు. ఇది చదివి వినిపిస్తే నాయనకు చాలా సంతోషమైంది. "చూసినావా, ఆవు నిలబెడుతోంది ఇంటిని" అన్నాడు.

తర్వాత నేను పని గంటలు కూడా రాసినాను. అమ్మ నాలుగున్నరకు లేచి పేడ తీసి, పాలు పితికి, క్యాన్ మోసి, మళ్ళీ సాయంత్రం అదే పని. మూడు గంటలు. చెల్లెలు గడ్డి కోసి, నీళ్ళు పెట్టి, ఆవును తోలుకు పోయి రావడం రెండు గంటలు. మేకల వెంట తిరిగేది ఇందులో కలపలేదు. 2025-26లో మన రాష్ట్రంలో ఉపాధి హామీ కూలి రోజుకు 307 రూపాయలు. ఎనిమిది గంటలకు పంచితే గంటకు 38 పైచిలుకు. అయిదు గంటలకు 190 దాటుతుంది. 86లో నుంచి 190 తీసేస్తే రోజుకు 104 నష్టం. ఇంకా ఒకటి. ఆవు సుమారు పది నెలలే పాలిస్తుంది, వట్టిపోయిన రెండు నెలలు కూడా తింటుంది.

ఈ లెక్క వినిపిస్తే నాయన మాట్లాడలేదు. అమ్మ మాత్రం "నా గంటలకు డబ్బు ఎవుడిస్తాడురా, అది కొట్టెయ్" అన్నది. కొట్టెయ్యలేదు.

తాత దీనికి వేరే మాట చెప్పినాడు. "జెర్సీ పెద్ద తిండి గొడ్డు, పుంగనూరు ఆవు ఉంటే ఈ బాధ లేదు" అని. పుంగనూరు ఆవు ఎత్తు 70 నుంచి 90 సెంటీమీటర్లే, అంటే మన బెంచీ కన్నా కొంచెం ఎక్కువ. కరువును ఓర్చుకుంటుంది, కొద్ది మేతతో బతుకుతుంది. పాలు తక్కువే గానీ వెన్న 8 శాతం దాకా ఉంటుంది. మామూలు ఆవు పాలలో మూడు, నాలుగు శాతమే. ఎక్కువ పాల కోసం అందరూ సంకరజాతికి మారేసరికి ఇది అంతరించే స్థితికి వచ్చింది. పలమనేరు పశు పరిశోధనా కేంద్రంలో దీన్ని కాపాడుతున్నారు. ఇప్పుడు దీని ధర లక్షల్లో ఉంది, పట్నాల్లో బంగళాల ముందు ముద్దుకు పెంచుతున్నారు. కరువు రైతు ఆవు కరువు రైతుకే అందకుండా పోయింది. నాకు ఇది అన్యాయంగా తోస్తుంది.

ఇక మేకలు. ఇవి మా ఇంటి బ్యాంకు. ఆస్పత్రి ఖర్చు వచ్చినా, పండగ వచ్చినా ఒకటి అమ్ముతారు. అయిదు నెలలకు ఈనుతాయి, దాణా అడగవు. కానీ వాటి వెంట మనిషి ఉండాలి. ఇంతకుముందు నేను పోయేవాడిని. నేను హాస్టలుకు వచ్చినాక చెల్లెలు. జూన్‌లో చెల్లెలికి అయిదో తరగతిలో గురుకులం సీటు వచ్చింది. నాయన "ఇద్దరూ పోతే మేకల వెంట ఎవురు పోతారు? పాప వచ్చే ఏడు పోతుంది లే" అన్నాడు. వచ్చే ఏడు అయిదో తరగతి సీటు ఉండదని నాకు తెలుసు, చెప్పినాను కూడా. అప్పుడు నాయనే నోటుబుక్కు తెమ్మని, చెల్లెలి రెండు గంటలు రాసిన చోట వేలు పెట్టి చాలాసేపు చూసినాడు. మేకల గంటలు ఎన్ని అని అడిగినాడు. రోజుకు ఏడు అని చెప్పినాను. అవి రాయలేదేమి అన్నాడు. ఆవు లెక్క కదా, మేకల లెక్క వేరే అన్నాను.

మరుసటి సంతలో అయిదు మేకలు అమ్మినారు. ఆ డబ్బులో సగం వడ్డీకి పోయింది, చెల్లెలికి పెట్టె, పళ్ళెం, రెండు జతల బట్టలు వచ్చినాయి. మిగిలిన రెండు మేకలను తాత ఇంటి చుట్టే మేపుతున్నాడు, ఆయనకు మోకాళ్ళ నొప్పులు. ఆవుకు గడ్డి కోసే పని కూడా అమ్మ మీదే పడింది, అంటే మూడు గంటలు అయిదు అయినాయి.

దసరా సెలవుల్లో పోయినప్పుడు చెల్లెలు కూడా వచ్చింది. మొదటి రోజే మేకల దగ్గరికి పరిగెత్తి, రెండే కనబడేసరికి కొట్టం వెనక్కి పోయి కూర్చున్నది. పెయ్య చూడితో ఉంది. సంక్రాంతి దాటినాక ఈనుతుంది. ఆ లెక్క వేరే నోటుబుక్కులో మొదలుపెట్టినాను.

– 9వ తరగతి విద్యార్థి