పవర్ స్ప్రేయరు కార్బురేటరు: శుభ్రపరచుట, లోపములు కనిపెట్టుట

మన కోనసీమలో దాళ్వా కోతలైన పిమ్మట పవర్ స్ప్రేయరును సావిట్లో మేకునకు తగిలించినచో, తిరిగి దాని అవసరము సార్వా చేను పొట్టకు వచ్చువేళకు గాని కలుగదు. దుబ్బుల మొదళ్ళలో సుడిదోమ కనబడిన నాడు యంత్రమును దింపి త్రాడు లాగుదుము. ఇరువది సార్లు లాగినను ఇంజను పలుకదు. మేస్త్రీ వద్దకు తీసికొనిపోయినచో అచ్చట అప్పటికే పది యంత్రములు వరుసలో ఉండును. సుడిదోమ మాత్రము వరుస చూడదు. నాలుగైదు చోట్ల మొదలైన సుడులు చూచుచుండగానే కలిసిపోయి చేను ఎండును.

ఇట్లు మొరాయించిన యంత్రములలో చాలవాటియందు విరిగినది ఏదియు ఉండదు. కార్బురేటరులో నిలిచిన పాత పెట్రోలు జిగురుగా ఎండి సన్నని రంధ్రమును మూసియుండును. అది అరపూట పని, మీరే చేసికొనవచ్చును.

ముందుగా కార్బురేటరు చేయు పని తెలిసికొనుడు. ట్యాంకు నుండి వచ్చిన పెట్రోలు దాని అడుగు గిన్నెలో నిలుచును. గిన్నెలో ఫ్లోటు అను చిన్న బుడ్డి తేలుచుండును. పెట్రోలు నిండగానే అది పైకి లేచి ఒక సూదిని నొక్కి దారి మూయును. తగ్గగానే దారి విడుచును. పంటకాల్వ తూమునకు తలుపు ఎట్టిదో దీనికి సూది అట్టిది. గిన్నెలోని పెట్రోలు జెట్టు అను ఇత్తడి మరలోని రంధ్రము గుండా పైకి పోయి, వేగముగా వచ్చు గాలిలో తుంపరయై ఇంజనులోనికి చేరును. చోకు మూసినచో గాలి తగ్గి పెట్రోలు పాలు హెచ్చును.

నేడు బంకులలో దొరకు పెట్రోలులో 20 శాతము వరకు ఇథనాల్ కలిసియుండును. ఇథనాల్ గాలిలోని తేమను పీల్చుకొను గుణము గలది. గౌతమి, వసిష్ఠ పాయల నడుమ సముద్రము ఒడ్డున నున్న మన సీమలో తేమకు కొదువ లేదు. తేమ మితిమీరినచో నీరు, ఇథనాల్ కలిసి అడుగునకు దిగిపోవును. రెండు స్ట్రోకుల ఇంజనుకు ఆయిలు పెట్రోలులోనే కలిపి పోయుదుము గదా; అడుగున దిగిన ఆ నీటిలో ఆయిలు ఉండదు. అట్టిదానితో నడిపినచో పిస్టను పట్టివేయును. కనుక నెలల తరబడి నిలువ యుంచిన పెట్రోలును స్ప్రేయరులో పోయవద్దు.

ఇంజను పలుకనంత మాత్రమున కార్బురేటరు విప్పుట తగదు. ట్యాంకులో క్రొత్త పెట్రోలు పోసి, కుళాయి తెరచి, చోకు మూసి ఏడెనిమిది సార్లు త్రాడు లాగుడు. తరువాత ప్లగ్గు విప్పి చూడుడు. ప్లగ్గు తడిగా ఉన్నచో పెట్రోలు వచ్చుచున్నదన్న మాట; లోపము నిప్పురవ్వలోనో, పెట్రోలు మితిమీరుటలోనో ఉండును. ప్లగ్గు తుడిచి, ఆరబెట్టి, చోకు తెరచి మరల లాగుడు. ప్లగ్గు పొడిగా ఉన్నచో పెట్రోలు చేరుటలేదు. అప్పుడు ట్యాంకు మూతలోని గాలి రంధ్రము, కుళాయి జల్లెడ, రబ్బరు గొట్టము వరుసగా పరీక్షింపుడు. గొట్టము ఊడదీసినప్పుడు పెట్రోలు ధారగా కారుచున్నచో ఇక లోపము కార్బురేటరుదే.

విప్పుటకు ముందు యంత్రమును సబ్బునీటితో తుడువుడు. దానికి పురుగుమందు అంటియుండును. పని ఆరుబయట నీడలో చేయవలెను. దరిదాపుల పొయ్యి గాని, బీడీ గాని ఉండరాదు. తెల్లని పళ్ళెములో గుడ్డ పరచి, విప్పిన మరలను విప్పిన క్రమముననే అందు పేర్చుడు. గిన్నె విప్పగానే లోపల చూడుడు. ముదురు గోధుమరంగు జిగురు పాత పెట్రోలుకు గుర్తు. అడుగున దొర్లు బొట్లు నీరు. తెల్లని పొడి యున్నచో నీరు చాల కాలము నిలిచి లోహమును తినినదని గ్రహింపుడు.

జెట్టును సరిపోయిన స్క్రూడ్రైవరుతోనే విప్పుడు. దానిని వెలుతురుకెత్తి చూచినచో రంధ్రము గుండ్రముగా కనబడవలెను. మూసుకొనినచో కార్బురేటరు క్లీనరులో గాని, క్రొత్త పెట్రోలులో గాని నానబెట్టి, సైకిలు పంపుతో గాలి కొట్టుడు. గుండుసూది, ఇనుప తీగ దూర్చవద్దు. ఇత్తడి మెత్తనిది; రంధ్రము పెద్దదైనచో ఇంజను ఎప్పటికిని సరిగా నడువదు. మన ఇళ్ళలో చేతికందునది కొబ్బరి ఈనె. అదియు పనికిరాదు, దాని కొస రంధ్రములో విరిగినచో తీయుట మొదటి కష్టము కంటె పెద్దది. తప్పనిసరియైనచో సన్నని నైలాను పోగు వాడుడు. నోటితో ఊదుట, పీల్చుట ఎంతమాత్రము కూడదు. పెట్రోలు విషము, దానికి తోడు పురుగుమందు.

ఫ్లోటును చెవి వద్ద ఆడించినచో లోపల చప్పుడు వినబడరాదు. వినబడినచో చిల్లుపడి పెట్రోలు చేరినది, మార్చవలెను. సూది మొనపై గాడి పడినచో అదియు మార్పే. రబ్బరు వాషర్లను థిన్నరులో వేయకుడు, ఉబ్బి పనికిరాకుండ పోవును. నెమ్మది నడకకు సంబంధించిన మరను తీయుటకు ముందు లోనికి మెల్లగా త్రిప్పి, ఎన్ని చుట్లు పట్టినదో గోడమీద వ్రాసికొనుడు. బిగించునప్పుడు అన్ని చుట్లే వెనుకకు త్రిప్పవలెను.

ఇంజను పలికిన తరువాతను కొన్ని చిక్కులుండును. చోకు మూసిననే నడచి, తెరవగానే ఆగినచో జెట్టు ఇంకను సగము మూసియున్నది, లేదా కార్బురేటరు బిగింపు వద్ద ప్యాకింగు గాలి పీల్చుచున్నది. కొంతసేపు నడచి ఆగి, ట్యాంకు మూత వదులు చేయగానే మరల నడచినచో మూత రంధ్రము పూడినది. గిన్నె నుండి పెట్రోలు పొర్లినచో సూది క్రింద నలుసు పడినది. నల్లని పొగ వచ్చుచు శక్తి తగ్గినచో గాలి వడపోత స్పాంజిని సబ్బునీట ఉతికి ఆరబెట్టుడు. సగము శక్తితో నడచు యంత్రముతో సుడిదోమకు మందు కొట్టుట దండుగ. దోమ ఉండునది దుబ్బు మొదట. బలము లేని గాలికి మందు ఆకులపైననే నిలిచిపోవును. 2 మీటర్లకొక కాలిబాట తీసిన చేనిలోనైనను ఇంతే.

ఆయిలు పాలు యంత్రముతో వచ్చిన పుస్తకములో ఎట్లున్న అట్లే కలుపవలెను. 25కు 1 అని యున్నచో లీటరుకు 40 మిల్లీలీటర్లు, 50కి 1 అని యున్నచో 20. కొబ్బరితోటలలో గడ్డి కోయు యంత్రములకు చాలవరకు ఫ్లోటు గిన్నె ఉండదు, పలుచని పొర ఉండును. గట్టిగా గాలి కొట్టినచో అది చిరుగును గనుక దానిని మేస్త్రీకి అప్పగించుటయే మేలు.

పని ముగిసిన కాలమున ట్యాంకు ఖాళీచేసి, ఇంజను తనంత తాను ఆగువరకు నడిపి, గిన్నెలో మిగిలిన చుక్కలను కూడ తీసివేయుడు. ప్లగ్గు రంధ్రములో నాలుగు చుక్కలు ఆయిలు వేసి త్రాడును రెండుమార్లు మెల్లగా లాగి ప్లగ్గు బిగింపుడు. పొగగొట్టమునకు గుడ్డ చుట్టుడు. లేనిచో కందిరీగ మట్టిగూడు పెట్టును. సార్వా ఊడ్పులైన వారములోనే యంత్రమును దింపి, మందుట్యాంకులో నీరు పోసి ఒకసారి నడిపి చూచుకొనుడు. అప్పుడైనచో మేస్త్రీకి కూడ తీరిక ఉండును.