పిటిషన్ వేసే ముందు పుట్టిన ఊరు చూసుకోండి

పాతబస్తీలో పెరిగి, ఇంజనీరింగ్ చదివి, ఇప్పుడు అమెరికాలో పీహెచ్‌డీయో పోస్ట్‌డాకో చేస్తూ, గ్రీన్‌కార్డు పిటిషన్ సొంతంగా వేసుకుందామనుకునేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. ఎంప్లాయర్ అక్కర్లేని దారులు ముఖ్యంగా రెండు. ఒకటి ఈబీ-2లో నేషనల్ ఇంటరెస్ట్ వేవర్, అంటే అందరూ ఎన్‌ఐడబ్ల్యూ అనేది. రెండోది అసాధారణ ప్రతిభ ఉన్నవాళ్లకిచ్చే ఈబీ-1ఏ. రెండింటికీ ఫారం ఐ-140యే.

ముందు క్యూ సంగతి. పిటిషన్ అప్రూవ్ కావడం వేరు, గ్రీన్‌కార్డు చేతికి రావడం వేరు. ఒక్కో దేశానికి 7 శాతం పరిమితి ఉండటంతో ఇండియా ఈబీ-2లో నిరీక్షణ పదేళ్లు దాటింది. అయితే ఆ లెక్క పాస్‌పోర్టును బట్టి కాదు, పుట్టిన దేశాన్ని బట్టి. మన ఇళ్లలో ఇది పెద్ద తేడా తెస్తుంది. తండ్రి జెద్దాలోనో కువైట్‌లోనో పనిచేస్తుండగా అక్కడే పుట్టి, చదువుకి హైదరాబాద్ వచ్చినవాళ్లు పాతబస్తీలో ఎందరో ఉన్నారు. జెద్దాలో పుట్టినవాళ్లు ఇండియన్ పాస్‌పోర్టుతో ఉన్నా సౌదీ లెక్కలోకే వస్తారు. మీరు చాంద్రాయణగుట్టలో పుట్టి, మీ భార్యో భర్తో గల్ఫ్‌లో పుట్టి ఉంటే, ఇద్దరూ కలిసి అప్లై చేసేటప్పుడు వాళ్లు పుట్టిన దేశం లెక్క వాడుకోవచ్చు. పిల్లలు పుట్టిన దేశం మాత్రం ఇందుకు పనికిరాదు. ఈ ఒక్క ప్రశ్న అడక్కుండానే వేలకు వేల డాలర్ల ఫీజు తీసుకునేవాళ్లున్నారు కాబట్టి లాయర్‌కి మీరే ముందు చెప్పండి.

చెప్పాక నిరూపించాలి. అసలు సౌదీ బర్త్ సర్టిఫికెట్ అరబిక్‌లో ఉంటుంది. పూర్తి ఇంగ్లిష్ అనువాదం చేయించి, చేసినవారు తమకు రెండు భాషలూ వచ్చనీ, అనువాదం సరైనదనీ సంతకంతో రాసివ్వాలి. నిఖానామా ఉర్దూలో ఉంటే దానికీ ఇదే పద్ధతి. నాంపల్లి హజ్ హౌస్‌లోని వక్ఫ్ బోర్డు నుంచి ఇంగ్లిష్ మ్యారేజ్ సర్టిఫికెట్ తెచ్చుకుంటే ఇంకా నయం. అసలు ప్రమాదం ఎక్కడంటే, స్కూల్ అడ్మిషన్ కోసం హైదరాబాద్‌లో పుట్టినట్టు ఇంట్లోవాళ్లు ఇంకో సర్టిఫికెట్ తీసుకుని ఉంటే. పాస్‌పోర్టులో ఒక ఊరు, మరో కాగితంలో ఇంకో ఊరు కనిపిస్తే ఆఫీసర్ దేన్నీ నమ్మరు. దాచొద్దు. లాయర్‌కి చూపించి, ముందే సరిచేయించండి. పేర్లూ అంతే. ఎస్‌ఎస్‌సీ మెమోలో ‘ఎండీ’, పాస్‌పోర్టులో ‘మొహమ్మద్’, పేపర్ల మీద ఇనీషియల్స్. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉన్నవాళ్లకి అమెరికా వీసాలో ‘ఎఫ్‌ఎన్‌యూ’ అని పడుతుంది. ఇవన్నీ ఒక్కరివేనని చెప్పే అఫిడవిట్ ఇప్పుడే రాయించి పెట్టుకోండి. ఈ కాగితాలు ఎక్కువగా చివరి గ్రీన్‌కార్డు అప్లికేషన్ (ఐ-485) దశలో అడుగుతారు గానీ, పుట్టిన దేశం గడి ఐ-140లోనే ఉంటుంది.

ఇక అసలు కేసు. ఎన్‌ఐడబ్ల్యూకి ఇప్పుడు కొలబద్ద 2016 డిసెంబర్‌లో వచ్చిన ధనసార్ తీర్పు. ఆ పిటిషన్ వేసిన ధనసార్ ఏరోస్పేస్ ఇంజనీరింగ్ పరిశోధకుడు. మొదట పిటిషన్ తిరస్కరించారు, అప్పీల్‌లో గెలిచాడు. తీర్పులో మనం పట్టుకోవాల్సింది ఒకటుంది. ఆయన ప్రొపల్షన్ రీసెర్చ్‌కి జాతీయ ప్రాముఖ్యం ఉందని ఒప్పుకున్నారు. క్లాసులో పాఠం చెప్పడం మంచి పనే అన్నారు గానీ, ఆ ప్రాముఖ్యం దానికి ఉన్నట్టు రుజువు లేదన్నారు. అంటే మీ రంగం గొప్పదైతే చాలదు. మీరు చేయబోయే పని ఫలం మీ ల్యాబ్ దాటి ఎలా వెళ్తుందో చూపాలి. ఆ పనికి మీరు తగినవారని, జాబ్ ఆఫర్ షరతు ఎత్తేస్తే దేశానికే లాభమని కూడా చూపాలి.

ఉదాహరణకి ‘బ్యాటరీల మీద మెషిన్ లెర్నింగ్ రీసెర్చ్ చేస్తాను’ అని రాస్తే అది ఉద్యోగ వివరణే. ‘గ్రిడ్ స్టోరేజ్‌లో వాడే లిథియం సెల్స్‌లో మంటకి దారితీసే లోపాన్ని ముందే పట్టే పద్ధతి అభివృద్ధి చేసి, తయారీదారుల టెస్టింగ్‌లోకి తీసుకెళ్తాను’ అంటే ఆఫీసర్‌కి ఏదో ఆనుతుంది. దాని వెనక రుజువు ఉండాలి. సైటేషన్లు 300 ఉన్నాయనడం కంటే, మీ పద్ధతిని తమ ప్రయోగంలో వాడుకున్న నాలుగు పేపర్లలో ఆ పేరాలకు గుర్తుపెట్టి జతచేయడం మేలు.

రికమెండేషన్ లెటర్లలో మీ గైడ్‌వి ఒకటి రెండు చాలు. మిగతావి మిమ్మల్ని పని ద్వారా మాత్రమే ఎరిగినవాళ్లు ఇవ్వాలి. ఐదు లెటర్లలో ఒకే వాక్యం కనబడితే ఐదూ వృథా. కంచన్‌బాగ్ వైపు డీఆర్‌డీఎల్‌లోనో డీఎంఆర్‌ఎల్‌లోనో మిధానిలోనో పనిచేసి వెళ్లినవాళ్లు అక్కడి రిపోర్టులు, డ్రాయింగులు ఎట్టి పరిస్థితిలోనూ జతచేయకండి. హోదా, తేదీలున్న సర్వీస్ సర్టిఫికెట్, బహిరంగంగా వచ్చిన పేపర్లు మాత్రమే పెట్టండి.

ఫైల్ చేసిన రోజుకి మీకున్న అర్హతే లెక్క. ఆ తర్వాత వచ్చిన అవార్డో పేపరో రక్షించదు. అందుకే రెండు నెలల్లో మంచి పేపర్ వస్తుందనుకుంటే ఆగండి. అదనపు రుజువులు అడుగుతూ ఆర్‌ఎఫ్‌ఈ వస్తే మామూలుగా 84 రోజుల వరకు గడువిస్తారు. జవాబు మొత్తం ఒకేసారి పంపాలి. ప్రీమియం ఫీజు కడితే ఈబీ-1ఏలో 15 పనిదినాల్లో, ఎన్‌ఐడబ్ల్యూలో 45 పనిదినాల్లో ఏదో ఒక స్పందన వస్తుంది. అది ఆర్‌ఎఫ్‌ఈ కూడా కావచ్చు.

ఈబీ-1ఏలో 10 ప్రమాణాల్లో కనీసం 3 చూపాలి. ఆ మూడూ ‘అరేంజ్’ చేస్తామనే కన్సల్టెన్సీలు తయారయ్యాయి. డబ్బుకి అవార్డు, డబ్బుకి పేపర్‌లో పేరు. బయటపడితే పోయేది ఆ పిటిషన్ ఒక్కటే కాదు. తప్పుడు సమాచారం ఇచ్చారని రికార్డుకెక్కితే అమెరికాకి శాశ్వతంగా తలుపు మూసుకోవచ్చు. ఇంట్లో ఎంత ఒత్తిడి ఉన్నా ఆ దారి తొక్కొద్దు.

ఎఫ్-1 మీద ఉన్నవాళ్లకి ఇంకో హెచ్చరిక. ఐ-140 వేశాక చెల్లెలి పెళ్లికి వచ్చి, నానక్‌రామ్‌గూడ కాన్సులేట్‌లో స్టాంపింగ్‌కి వెళ్తే, మీ తరఫున ఇమిగ్రెంట్ పిటిషన్ వేశారా అని వీసా ఫారం డీఎస్-160లోనే అడుగుతారు. అవుననే రాయాలి. స్టూడెంట్ వీసా నిరాకరించడానికి అది చాలు. హెచ్-1బీకి ఈ చిక్కు లేదు. వీలైతే హెచ్-1బీలోకి మారాకే ప్రయాణం పెట్టుకోండి.

ఇండియా లెక్కలోనే ఉండి, బయటపడే దారి లేనివాళ్లు కూడా ఎన్‌ఐడబ్ల్యూ వేయడం దండగ కాదు. ఫైల్ చేసిన తేదీ మీ ప్రయారిటీ డేట్, అంటే క్యూలో మీ స్థానం, అవుతుంది. అప్రూవ్ అయితే హెచ్-1బీ ఆరేళ్లు దాటాక కూడా పొడిగించుకోవచ్చు. తర్వాత కేసు బలపడి ఈబీ-1ఏ వేస్తే పాత తేదీ అక్కడ పనికొస్తుంది. కొత్త ఐ-140తో పాటు పాత అప్రూవల్ నోటీస్ కాపీ జతచేసి, ఆ తేదీనే కొనసాగించమని కవర్ లెటర్‌లో రాయండి.