గొంతు పోయిన నాడు దొరికిన తరగతి

చెల్లే, నిన్న ఫోన్లో నీ బొంగురు గొంతు విన్నప్పుడే సంగతి అర్థమైంది. "అక్కా, పిల్లలు నా మాటే వింటలేరు" అని ఏడ్చినవు. నా మొదటి ఏడు కండ్లముందు తిరిగింది.

2024 అక్టోబర్ 9న ఎల్బీ స్టేడియంలో నియామక పత్రాలు ఇచ్చినప్పుడు పదివేల మందిమి ఉంటిమి. ఆ సంబురం అంతా ఇంతా కాదు. దసరా పోయినంక పానగల్ దగ్గరి ఒక ప్రాథమిక బడిలో చేరిన. అప్పటికే చదువుల ఏడు సగమైంది, రెండు తరగతులు ఒక్క గదిలో. పాఠ్యపథకం రాసుడు శిక్షణలో నేర్చుకున్న గానీ, "టీచర్, వీడు నా బలపం గుంజుకున్నడు" అని ఐదుగురు ఒక్కసారే మీదికొస్తే ఏం జెయ్యాలె? అరిచిన. వాళ్లు నాకన్న గట్టిగ అరిచిన్రు. స్కేలుతో బల్ల మీద కొట్టిన. రెండు నిమిషాలు సద్దుమణిగి మళ్లీ మొదలు. పది రోజులకు గొంతు పూర్తిగ పోయింది.

ఆ పొద్దు మాట రాక, బోర్డు మీద ఒక చెరువు, కట్ట, తూము గీసి ఊకున్న. వెనక నుంచి ఒక పిల్లగాడు లేచిండు. రోజూ పక్కోళ్లను గిచ్చేటోడే. "ఉదయసముద్రం! మా నాయిన ఆడ వల ఏస్తడు" అన్నడు. సుద్దముక్క చేతికిచ్చిన. వచ్చి మీసాలున్న చేప గీసిండు. ఒకామె బతుకమ్మ గీసింది, ఇంకొకడు గుడి గోపురం. ముప్పావుగంట ఎవరూ ఎవరినీ గిచ్చలే.

గిజూభాయి బధేకా రాసిన 'దివాస్వప్న' పుస్తకం దొరికితే చదువు. అందుల మాస్టరు మొదటి రోజు పిల్లలతో మౌనం ఆట ఆడించబోతే అంతా అల్లరే అయితది. తెల్లారి కథ ఎత్తుకుంటడు, అప్పుడు కుదురుగ కూసుంటరు. మన కష్టం ఆ పుస్తకం నాటి నుంచీ ఉన్నదే.

"నాలుగు తగిలించుండ్రి టీచరమ్మా" అని తల్లిదండ్రులే అంటరు. ఆ మాట వినకు. కొట్టుడు, మనసు నొప్పించుడు రెండూ తప్పని 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ చెప్తది. చట్టం సంగతి అట్లుంచు, దెబ్బకు భయపడి కూసున్న పిల్లకు పాఠం తలకెక్కది. నేను కండ్లార చూసిన.

అన్నం తిన్నంక గంట మస్తు కష్టం. అప్పుడు లెక్కలు పెట్టుకోకు. కథలు, బొమ్మలు, పాటలు పెట్టు. ఉరికేటోనికి పుస్తకాలు పంచే పని ఇయ్యి. కాళ్లకు పని దొరికితే వాడే కుదురుకుంటడు.

పిల్లలను పానగల్ ఛాయా సోమేశ్వరాలయానికి తీసుకపోయిన రోజు మరువను. లింగం మీద పొద్దంతా కదలకుండ పడే నీడ చూసి, ఆ చేపల పిల్లగాడే "టీచర్, పొద్దు తిరుగుతుంటే నీడెందుకు తిరగదు?" అన్నడు. తెల్లారి బల్ల మీద సుద్దముక్కలు స్తంభాల లెక్క నిలబెట్టి, టార్చిలైట్లు తలోదిక్కు పట్టి చూసినం. వెలుగు ఒక్క దిక్కు నుంచే రాకుంటే నీడ ఎట్ల మారుతదో వాళ్లే కనుక్కున్నరు. ఆ పూట "నిశ్శబ్దం" అనే మాట నా నోట రాలే.

చెల్లే, వేడి నీళ్లల్ల ఉప్పేసి పుక్కిలించు, గొంతుకు విరామం ఇయ్యి. రేపు హాజరు పిలిచేటప్పుడు రిజిస్టర్‌లోకి కాదు, ఒక్కొక్కరి ముఖంలోకి చూసి పేరు పిలువు. సాయంత్రం నాకు ఫోన్ చెయ్యి.